తడి తెర మీద సత్తియ్య

మాయలాంతరు పెట్టె వేసుకుని కాలవల వెంబడి ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాక నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. లోకంలో కొత్త యంత్రాలు పుట్టినంత తొందరగా కొత్త హాస్యాలు పుట్టవు. ఏ ఊళ్ళో పడవ దిగినా అవే మాటలు. పెట్టె గట్టు మీద దించీ దించకముందే ఒకాయన వచ్చి, "ఏవయ్యా పంతులూ, ఇందులో మీ దొరని కూర్చోబెట్టి మోసుకొచ్చావా ఏంటి?" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాలి. నవ్వకపోతే బాప్తిస్మం తీసుకున్నాక పంతులికి పొగరెక్కిందంటారు.

నా పేరు యెహెజ్కేలు. పాలకొల్లు దగ్గర మిషను బళ్ళో పిల్లలకి చదువు చెబుతాను. కోతలు అయిపోయి, పొలాల్లో కుప్పలు లేచాక, మా మిషను దొరగారూ నేనూ లాంతరు తీసుకుని ఊళ్ళమీదికి బయలుదేరడం ఆనవాయితీ. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ఆ ఏడు దొరగారికి కీళ్ళవాతం పట్టుకుంది. "నువ్వే వెళ్ళిరా" అన్నారు. లాంతరూ, గాజుపలకలూ, తెరగుడ్డా, కిరసనాయిలు డబ్బా, వీటన్నిటితో పాటు ఊరూరా వినవలసిన హాస్యాలు కూడా నాకొక్కడికే మిగిలాయి.

లాంతరు అంటే పెద్ద వింతేమీ కాదు. రేకుపెట్టెలో దీపం, ముందు భూతద్దం. గాజుపలక మీది బొమ్మని ఆ రెండిటి మధ్య దూరిస్తే ఎదురుగా కట్టిన గుడ్డ మీద మనిషెత్తున పడుతుంది. ఇది నేర్చుకోవడం నాకు ఒక పూటలో అయింది. గుడ్డ ఎక్కడ కట్టాలన్నది మాత్రం ఇప్పటికీ తెగని పేచీ. ఊరివాళ్ళూ, వాళ్ళు అంటుకోని పాలెంవాళ్ళూ ఒక వైపున కూర్చోరు. ఊళ్ళో కడితే పాలెం రాదు, పాలెంలో కడితే ఊరు రాదు. అందుకని రెండిటికీ మధ్యనున్న ఖాళీలో రెండు గుంజలు పాతి, గుడ్డని కాలవలో ముంచి, పిండకుండా కడతాను. తడిగుడ్డ అయితే బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. లాంతరు ఊరివాళ్ళ వైపుంటుంది కనుక వాళ్ళకి అన్నీ సవ్యంగా కనిపిస్తాయి. తెర వెనక కూర్చున్న పాలెంవాళ్ళకి కుడిది ఎడమా, ఎడమది కుడీ అవుతుంది. బొమ్మ కింద రాసిన అక్షరాలు తిరగబడి ఉంటాయి. బళ్ళో నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు వాటికేసి తెల్లమొహాలేసుకుని చూస్తారు. నాకది కష్టంగానే ఉంటుంది. నేను పుట్టింది ఆ వైపునే. లాంతరు పట్టుకుని ఉన్నంతసేపే ఇవతల నాకు చోటు.

చినగరువులో పడవ దిగేసరికి పొద్దు వాలుతోంది. అప్పటికి వరసగా తిరిగీ తిరిగీ నా గొంతు బొంగురుపోయింది, నడుము పట్టేసింది. రేవులో గుడ్డ ముంచుతుంటే ఒకామె వచ్చి రెండో కొస పట్టుకుంది. పాలెం మనిషి. పాతికేళ్ళుంటాయేమో. చేతికి గాజులున్నాయి, మొహంలో కళ లేదు.

"అయ్యగారండీ, వంతెన కాడ కూలోళ్ళ బొమ్మ కూడా ఉందంట కదండీ మీ కాడ? పడవోళ్ళు చెప్పుకుంటున్నారు" అంది.

ఉంది. కిస్మసు పండగనాడు వంతెన పనివాళ్ళకి ప్రార్థన పెట్టినప్పుడు దొరగారి స్నేహితుడొకాయన తీసిన ఫొటో అది. దాన్ని గాజు మీదికి ఎక్కించి ఇచ్చారు. చివరలో చూపిస్తే జనానికి సరదాగా ఉంటుందని తెచ్చాను.

"ఉందమ్మా. నీవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?"

ఆమె పేరు వీరమ్మ. మొగుడు సత్తియ్య కిందటి వేసవిలో కాలవలు కట్టేసి పనుల్లేనప్పుడు వంతెన పనికి వెళ్ళాడు. కార్తీకంలో కబురొచ్చింది, వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయాడని. కబురు తెచ్చినవాడు కళ్ళారా చూడలేదు. ఇంకెవరో అనగా విన్నాడు. వీరమ్మ నమ్మలేదు, గాజులు తీయలేదు. అన్న రాముడు మాత్రం నమ్మాడు. ఆమెకి మారుమనువు కుదిర్చాడు. వచ్చే పున్నం వెళ్ళగానే అవతలివాళ్ళు కోక పెట్టి తీసుకెళ్ళడానికి వస్తారు.

"ఆ బొమ్మ ఎప్పుడు తీశారండి?" అని అడిగింది.

"కిస్మసుకి. కార్తీకం వెళ్ళాకనే."

"అయితే అందులో ఉంటే బతికున్నట్టే కదండీ."

"ఉంటే అంతేనమ్మా. కానీ చాలామంది వరసగా నిలబడ్డారు. మొహాలు సరిగా ఆనవు. ఆశలు పెట్టుకోకు."

"మొహం చూస్తే నాకు తెలీదాండీ" అంది. తడిగుడ్డ కొస భుజాన వేసుకుని నాతోపాటు గుంజల దాకా మోసింది.

నాకు విసుగొచ్చింది. ఆమె మీద కాదు. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఈ పెట్టెలోంచి ఏదో ఒకటి రావాలనుకుంటారు. ఒకచోట ఒకాయన తప్పిపోయిన గేదె కనిపిస్తుందేమో వెయ్యమన్నాడు. నా దగ్గర ఉన్నవి బైబిలు కథల్లో దానియేలూ, సింహాలూ, ఇంకా ఒక పొగబండీ. వాటిని చూసి ఎవరి కష్టమూ తీరలేదు.

చీకటి పడుతూనే ఊరివైపు నులకమంచాలు వేశారు. ముందు మంచం మీద బుల్లిరాజుగారు, ఆ ఊరి భూముల్లో సగం ఆయనవే. పక్కన ఆయన పెదతండ్రి కొడుకు బంగార్రాజుగారు. ఇద్దరూ మంచి మాటకారులు. వాళ్ళ మాటకి ఊరంతా నవ్వుతుంది. నవ్వాలి కూడా. సగం మంది వాళ్ళ పొలాలే చేస్తారు.

నేను దీపం వత్తి సరిచేసుకుంటుంటే వాళ్ళు లోకం సంగతులు ఎత్తుకున్నారు.

"రైలొచ్చేస్తే మనకి పడవలుండవంటరా" అన్నారు బంగార్రాజుగారు.

"పడవలు పోతే పోనీ, కాపరాలు కూడా పోతాయిరా" అన్నారు బుల్లిరాజుగారు. "ఇప్పుడు ఆడది అలిగి పుట్టింటికి పడవెక్కిందనుకో, రెండో లాకు దాటేలోపల కోపం దిగిపోద్ది. మూడో లాకు కాడ తిరుగు పడవెక్కేస్తది. రైల్లో అయితే కోపం వేడిమీదుండగానే పుట్టింట్లో దిగుద్ది. అప్పుడు ఎవడు తెస్తాడు దాన్ని?"

అందరూ నవ్వారు. ఇది కొంచెం కొత్తదే. నేను కూడా నిజంగానే నవ్వాను.

"కాకినాడలో మాట్లాడే పెట్టె తెచ్చారంట. కీలు తిప్పితే మనిషిలా పాడుద్దంట" అన్నారు బంగార్రాజుగారు.

"మాట్లాడే పెట్టె మా ఇంట్లో ఉంది కదరా, పెళ్ళిలో ఇచ్చారు. దీనికి కీలు లేదు, అదే తేడా."

ఇది నేను ఆ నెలలోనే మూడు ఊళ్ళలో విన్నాను. ఒక్కో ఊళ్ళో చెప్పినాయన అది తన సొంతమన్నట్టే చెప్పాడు.

"నాటకాలు చూశావా?" అని బుల్లిరాజుగారు తనే ఎత్తుకున్నారు. "ఏముందక్కడ. పావుగంటకోసారి తెర దించేస్తారు. లోపల భోజనాలు చేస్తున్నారేమోనని నేను లేచొచ్చేశాను. మన తోలుబొమ్మలాటే నయం, తెర ఎత్తరు, దించరు, మధ్యలో కాస్త నవ్విస్తారు కూడా. ఏవయ్యా పంతులూ, నీ ఆటలో నవ్వించే బొమ్మ ఎప్పుడొస్తది?"

"ఇందులో నవ్వించే బొమ్మ ఉండదండి, రాజుగారండీ" అన్నాను. ఈ జవాబు చెప్పీ చెప్పీ నాకు నోరు పాచిపోయింది.

"అయితే నవ్వించే పని మేమే చూసుకోవాలన్నమాట" అని ఆయన మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. చూసుకున్నారు కూడా. దానియేలు సింహాల గుహలో నిలబడి ఉంటే, "ఆ మూల సింహం మన బంగార్రాజేరా, తినేసి పడుకుంది" అన్నారు. నావ దిగి నీళ్ళ మీద నడవబోయిన పేతురు మునిగిపోతుంటే, "లాకు దగ్గర పన్ను కట్టలేదేమో" అన్నారు. నేను బొంగురు గొంతుతో వాక్యం చెబుతున్నాను. నా మాట ఎవరికీ వినబడటం లేదు. తెరకి అవతల పాలెం వైపు నుంచి మాత్రం చప్పుడు లేదు. వాళ్ళు తిరగబడ్డ బొమ్మలనే నోరు మూసుకుని చూస్తున్నారు.

ఆఖరున వంతెన పలక వేశాను.

నది మధ్యలో లేచిన స్తంభాలు, వాటి ముందు ఇసుకలో కూలివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఫొటో కదా, గీసిన బొమ్మల్లా కాకుండా నిజం మనుషుల్లా ఉన్నారు. అవతల ఎవరో ఆడమనిషి తెరకి బాగా దగ్గరగా వచ్చింది. తడిగుడ్డలోంచి ఆమె ఆకారం మసకగా కనిపించింది.

"ఈయన కాదు" అంది వీరమ్మ గొంతు. "మొహం ఆయన మొహమే. ఆయన మాత్రం కాదు."

ఆ మాట అంటుంటే ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. అలసట ఉంది. సాయంత్రం ఆశ పెట్టుకోవద్దని చెప్పినవాణ్ణి నేనే, అయినా ఉంటాడనే అనుకున్నాను. పలక తీసేసి ఆట ముగిద్దామని చెయ్యి పెట్టాను.

అప్పుడే బుల్లిరాజుగారు అందుకున్నారు. "ఒరేయ్, ఆ చివరివాణ్ణి చూశార్రా, సుత్తి పుర్రచేత్తో పట్టుకున్నాడు. వాడు కట్టే వంతెన అవతలి గట్టుకి పోదురా, తిరిగి మనింటికే వస్తది."

ఇవతల అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. అవతల నుంచి వీరమ్మ, "బాబుగారండీ, ఏ చేత్తో పట్టుకున్నాడన్నారండి?" అని కేక వేసింది.

"పుర్రచేత్తోనే. నీకు కళ్ళు లేవా?"

"మాకు కుడిచెయ్యిలా ఉందండి."

నాకు అప్పటికి వెలిగింది. చెయ్యి వేసి ఉన్న పలకని బయటికి లాగి, రెండో మొహం తిప్పి మళ్ళీ దూర్చాను. ఇప్పుడు సవ్యం అవతలివాళ్ళది, తారుమారు ఇవతలివాళ్ళది. ఊరివాళ్ళకి వంతెన అటు తిరిగిపోయింది. "ఏవయ్యా పంతులూ, ఏంటిది, మాకు తిరగేశావేంటి?" అని బంగార్రాజుగారు గదమాయించారు.

పాలెంవైపు ఒక్కసారిగా గోల లేచింది. "సత్తిగాడేరా" అన్నారెవరో. "పుర్రచెయ్యోడు, ఆడే" అన్నారు ఇంకెవరో. రాముడు అందరికంటే గట్టిగా, "పుర్రచెయ్యోళ్ళు ఊరికొకడుంటాడు. బొటనవేలంత మొహం చూసి ఆడే ఆడే అంటే ఎలా? కబురొచ్చింది, కర్మ చేశాం. అవతలోళ్ళకి నేను మాటిచ్చేశాను" అంటున్నాడు. అతనికి చెల్లెలి మీద కక్షేమీ లేదని తర్వాత తెలిసింది. ఇంటినిండా పిల్లలు, ఇంకొక మనిషికి కూడు పెట్టే ఓపిక లేదు, అంతే.

ఇవతల బంగార్రాజుగారికి ఈ తగువు ఆటకంటే బావుంది. "ఒసేయ్, అంత అనుమానమైతే ఆణ్ణే అడుగు. చెన్నపట్నంలో తీగలో మాట్లాడుకుంటున్నారంట, ఇక్కడోడి మాట అక్కడ వినబడుద్దంట. ఇదీ అలాంటి యంత్రమే. మాట్లాడు, వింటాడు" అన్నారు.

మళ్ళీ నవ్వులు. కాదని నేను చెప్పబోయాను. ఆ లోపలే వీరమ్మ అవతల తెరకి దగ్గరగా వచ్చి నిలబడింది. తడిగుడ్డలోంచి ఆమె ఆకారం సత్తియ్య పక్కన నిలబడినట్టు కనిపించింది.

"ఏమయ్యా" అంది. "నువ్వు పోయావని కార్తీకంలో చెప్పారు. నేను నమ్మలేదు. ఎవరూ చూడందే ఎలా పోతావు నువ్వు. అన్నం తిన్నా నువ్వు తిన్నావో లేదో అనే తిన్నాను. నువ్వు కుట్టిన చెప్పులు తెగిపోయాయి, పారెయ్యలేదు. మా అన్న నన్ను ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. ఆడు మాత్రం ఏం చేస్తాడు. నేను అలిసిపోయానయ్యా. అందరితోటీ నువ్వు బతికున్నావని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. నువ్వే చెప్పు. బతికున్నావా, లేదా?"

ఇవతల ఒక్కడు నవ్వలేదు. దీపం చిటపటమంటున్న చప్పుడు వినబడింది. గాజుపలక వేడెక్కితే పగిలిపోతుందని దొరగారు మరీ మరీ చెప్పారు. తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

బుల్లిరాజుగారు నిశ్శబ్దం భరించలేని మనిషి. ఆయన మంచం మీద ముందుకి వంగి, తోలుబొమ్మల వాళ్ళు బొమ్మ గొంతు పెట్టినట్టు ముక్కుతో, "బతికే ఉన్నానే వీరమ్మా. వచ్చే కోతల నాటికి వచ్చేస్తాను. అందాకా మీ అన్నని నోరు మూసుకుని ఉండమను" అన్నారు.

ఊరంతా గొల్లుమంది. ఇంతసేపూ నవ్వు ఆపుకున్నారు కనుక ఇంకా గట్టిగా నవ్వారు. నాకు ఆ లాంతరు ఎత్తి కాలవలో పారేద్దామన్నంత కోపం వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక వీరమ్మ మాట వినిపించింది. నెమ్మదిగానే అంది. "అన్నా, విన్నావా? కోతల దాకా ఆగమన్నారు."

"అది రాజుగారు హాస్యానికి..." అన్నాడు రాముడు.

"అయితే అడుగు. తెర దాటి ఎదురుగా నిలబడి, రాజుగారి మాట ఉత్తదేనా అని అడుగు."

రాముడు అడగలేదు. అతను బుల్లిరాజుగారి పాలేరు. పాలెం పెద్ద గొంతు సవరించుకుని, తెర అవతల నుంచే, "బాబుగారండీ, తమరి నోటంట వచ్చింది కదండీ. మేం కోతల దాకా ఆగమంటారాండీ?" అని అడిగాడు.

ఇప్పుడు అందరూ బుల్లిరాజుగారి మొహంలోకి చూస్తున్నారు. ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నారు. బంగార్రాజుగారి వంక చూశారు. ఆయన ఎటో చూస్తున్నారు. హాస్యానికన్నానని ఒప్పుకోవడం బుల్లిరాజుగారికి ఒక్క క్షణం పని. కాని ఊరందరి ముందూ తన మాట ఉత్తదని తనే అనాలి.

"అన్నాం కదా" అన్నారు చివరికి, మామూలు గొంతుతో. "మేం అన్నాక ఆగాల్సిందే. ఇంక కట్టెయ్యవయ్యా నీ పెట్టె."

నేను పలక బయటికి తీశాను. వేళ్ళు కాలాయి. గాజు పగల్లేదు.

తెల్లవారి పడవవాళ్ళు సామాను ఎక్కిస్తుంటే వీరమ్మ రేవులోకి వచ్చింది. నా మనసులో ఒక మాట తిరుగుతోంది. ఆమెకి నిజం చెప్పకుండా వెళితే బావుండదనిపించింది.

"చూడమ్మా, రాత్రి వాళ్ళు వేళాకోళానికన్నారు. ఆ యంత్రంలో మనం మాట్లాడితే వాళ్ళకి వినబడదు. బొమ్మకి చెవులుండవు" అన్నాను.

ఆమె నన్ను చూసి మొదటిసారి నవ్వింది. అలసిన నవ్వే. "బొమ్మకి చెవులుండవని నాకు తెలీదాండీ. రాజుగారికి నోరుంటాది కదండీ. ఎప్పుడూ ఊరుకోరు కదండీ ఆయన. ఏదో ఒకటి అంటారనే నిలబడ్డాను."

ఊరూరా ఈ హాస్యాలు విని విసుక్కోవడం తప్ప వాటితో ఏదైనా చెయ్యొచ్చని నాకెన్నడూ తట్టలేదు.

"అయినా ఇంకేం బాధ లేదులే. సత్తియ్య బతికున్నాడు కదా, నువ్వే పోల్చుకున్నావు" అన్నాను.

వీరమ్మ కాలవ నీళ్ళకేసి చూసింది. "ఆ చెయ్యి ఆయన చెయ్యేనండి. సుత్తి అలాగే పడతాడు. మొహం... మసగ్గా ఉంది కదండీ. అయ్యుండాలండి."

పడవవాళ్ళు పడవ లాగే తాళ్ళు భుజాన వేసుకుని గట్టు మీద నడక మొదలుపెట్టారు. ఆమె కూడా కాస్త దూరం గట్టు వెంట వచ్చింది.

"మీరు రాజమండ్రి వెళ్ళినప్పుడు కనుక్కోండి అయ్యగారండీ. ఉంటే కోతల్లోపు రమ్మనండి" అంది. "లేకపోతే మాత్రం ఇటు కబురు పెట్టకండి. కోతల దాకా నన్ను ఇలా ఉండనివ్వండి."